రెండో శాలువా

పెద్దాయన ఇంకా రాలేదు. వస్తున్నారు, వచ్చేస్తున్నారు, మలుపు తిరిగారు అంటూ మైకు దగ్గర ఒకడు గొంతు చించుకుంటున్నాడు గానీ వచ్చింది ఎండ ఒక్కటే. అది వేదిక పక్క తెర సందులోంచి దూరి సరిగ్గా ఆమె మోకాళ్ల మీదికి వచ్చి కూర్చుంది. వేదిక మీద వెనక వరసలో చివరి నుంచి రెండో కుర్చీ ఆమెది. కుర్చీకి తెల్ల గుడ్డ తొడిగారు. కూర్చునే ముందు అలవాటు కొద్దీ చెయ్యి ఆ గుడ్డ అంచును నలిపి చూసింది. పూర్తిగా ఆరకుండానే మడత పెట్టేశారు, తడి వాసన ఇంకా వదల్లేదు. ఏ లాండ్రీదో, మా లాండ్రీదే అయ్యుంటుంది, ఓనరు ఊరికే పంపించి ఉంటాడు, ఇప్పుడాయన ఈ పార్టీ మనిషి కదా. అదిగో ముందు వరసలోనే ఉన్నాడు, కాలు మీద కాలేసుకుని, మెడ మీది చెమట తుడుచుకుంటూ. నిన్నటిదాకా అవతలి పార్టీ సభల్లో కూడా ఇలాగే మెడ తుడుచుకునేవాడు. ఏ ఎండకా గొడుగు పట్టేవాడికి చెమటెందుకు పడుతుందో మరి. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వాడు. ఇన్నేళ్ల పనిలో తనను చూసి ఆయన నవ్వడం ఇదే మొదలు. ఆమె నవ్వలేదు. నవ్వకపోయినా పరవాలేదు, చనిపోయినవాడి తల్లి నవ్వదని ఆయనే సర్దుకుని ఉంటాడు.

పెద్దాయన "ఆ తల్లి ఈ వేదిక మీదే ఉంది" అనగానే లేచి నిలబడాలి. అంతే పని. మాట్లాడక్కర్లేదు. ఏడుపొస్తే ఏడవొచ్చు, రాకపోతే శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే చాలు. పొద్దున ఫోనాయన మూడుసార్లు చెప్పాడు, ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం చిన్నపిల్లకు నేర్పినట్టు. పెద్దాయన ఉపన్యాసాలకు కథలు ఏరుకొచ్చేది ఫోనాయనే. చెవి దగ్గర ఫోను లేకుండా ఆమె ఆయన్ని చూడలేదు, అందుకే ఆ పేరు పెట్టింది, అసలు పేరు ఆయన చెప్పలేదు, ఆమె పేరు ఆయనా అడగలేదు, "అమ్మా" అంటే సరిపోయింది. శాలువా కూడా ఆయనిచ్చిందే. బూడిద రంగు, అంచులు పీచు లేచి, ఏళ్ల తరబడి కప్పుకున్నదానిలా ఉంది. కానీ పోగు మాత్రం కొత్తది. కొత్త శాలువాను పట్టుకుని మందు వేసి ఉతికి, మళ్లీ ఉతికి, పనిగట్టుకుని పాతది చేశారు. బీదరికం కూడా వీళ్లకు తయారు చేసిందే కావాలి, ఇంట్లో ఉన్నది పనికిరాదు. ఇంట్లో ఆమెకు నీలం శాలువా ఉంది, అది కప్పుకొస్తానంటే "వద్దమ్మా, నీలం టీవీలో సంతోషంగా కనిపిస్తుంది" అన్నాడు. పక్క కుర్చీలో, అంటే చివరి కుర్చీలో, ఇంకొకావిడ ఉంది. ఆవిడా సరిగ్గా ఇలాంటి శాలువానే కప్పుకుంది, ఆవిడదీ కొత్త పాతదే. "నన్ను మీకు తోడుగా ఉండమన్నారు వదినా" అంది కూర్చోగానే. తోడుకు కూడా శాలువా ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. చలికాలం కూడా కాదు.

లేవకూడదు. లేవను. పొద్దున కొడుక్కి చొక్కా గుండీలు పెడుతున్నప్పుడే అనుకుంది. వాడు వద్దన్నాడు, "ఎడం చేత్తో నేనే పెట్టుకుంటా, చూస్తూ ఉండు" అన్నాడు, మొదటి గుండీ రెండో కాజాలో పెట్టి మెడ పక్కకు లాగినట్టయి అద్దంలో చూసుకుని నవ్వాడు. ఆరడుగుల మనిషిని పొట్టోడు అని పిలుస్తుంది ఇంకా. చిన్నప్పుడు ఎదగడేమోనని బెంగపడి పెట్టిన పేరు, ఆ తర్వాత మొండికేసినట్టు ఎదిగాడు, పేరు మాత్రం పొట్టిగానే ఉండిపోయింది. "పొట్టోడా, ఇవాళ కట్టు మార్పించుకోవాలి, మర్చిపోకు" అంది. "సభ టీవీలో చూస్తూ మార్పించుకుంటాలే. నా గురించేగా చెప్పేది" అన్నాడు. అదిగో, వేదిక మీదనుంచి కనిపిస్తోంది ఆసుపత్రి, మైదానం దాటగానే నేరుగా పోయే వీధి చివర, పైన నీళ్ల ట్యాంకు, కింద వరస కిటికీలు. కొన్ని కిటికీలకు అద్దం బదులు అట్టముక్కలు. ఆ అట్టలవైపు చూడలేక చూపు తిప్పుకుంది.

అసలు తప్పు ఎక్కడ మొదలైంది, తలుపు తీసిన దగ్గరే. ఫోనాయన వచ్చిన రోజు వంటింట్లోనే కూర్చోబెట్టింది, ముందుగదిలో వాడు నిద్రపోతున్నాడు. ఫోను చెవి నుంచి దించి, రికార్డింగు నొక్కి బల్ల మీద పెట్టి, చెప్పండమ్మా, జరిగింది జరిగినట్టు చెప్పండి, పెద్దాయనకు మీలాంటివాళ్ల కష్టమంటే ప్రాణం అన్నాడు. అంత శ్రద్ధగా అంతకుముందు ఎవరడిగారు గనక. అడిగిన పాపానికి అంతా చెప్పేసింది. దుప్పట్లు ఇస్త్రీ చేసేది చేత్తో కాదని, మంచమంత వెడల్పు రోలర్ ఉంటుందని, లోపల ఆవిరి కాగుతుంటుందని, ఇటు నిలబడ్డవాళ్లు తడి దుప్పటిని మూలలు పట్టి అందిస్తే అది లాక్కుని అటు పొడిగా పడేస్తుందని. రోలర్ ముందు ఒక ఇనుప పట్టీ ఉంటుంది. వేలు తగిలితే మిషను ఆగిపోవాలి, అందుకే అది. కానీ ఆ పట్టీకి వేలేదో, దుప్పటి అంచు కుట్టేదో తెలియదు, ఏది తగిలినా ఆగుతుంది, ఆగితే పని వెనకబడుతుంది, వెనకబడితే ఓనరు తిడతాడు. అందుకని చిరిగిన దిండు గలీబు పీలికతో ఆ పట్టీని పైకెత్తి కట్టేస్తారు. మామూలు ముడి కాదు, జారుముడి. తనిఖీకి ఎవరైనా వస్తే ఒక్క లాగుకు ఊడిపోవాలి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేర్పేది ఇస్త్రీ కాదు, ఆ ముడి. చెబుతూ చెబుతూ చేతి తువ్వాలుతో కుర్చీ చేతికి ఆ ముడి వేసి, లాగి చూపించింది కూడా. "అబ్బ, ఈ ముడి ఉంది చూశారూ, బంగారమమ్మా!" అన్నాడాయన. ప్రమాదం జరిగిన రోజు వాడు ఇటువైపు ఉన్నాడు, ఆమె అటువైపు. తడి అంచు వాడి మణికట్టుకు చుట్టుకుంది. అటు నిలబడి దుప్పటి అందుకునేది ఆమే. దుప్పటి వచ్చింది, ఎప్పటిలాగే వెచ్చగా, అంచు ఎర్రగా. ఇంతవరకు చెప్పేసరికి ఫోనాయన కళ్లు తుడుచుకున్నాడు, నిజంగానే తుడుచుకున్నాడు, అదే ఇప్పటికీ ఆమెకు మింగుడుపడని సంగతి. ఏడవడం తెలిసినవాడు ఇంత పని ఎలా చేశాడు. స్ట్రెచర్ గేటు దాటకముందే లాండ్రీలో ఎవరో పీలిక లాగేశారు. తనిఖీవాళ్లు వచ్చి చూసేసరికి ఇనుప పట్టీ బుద్ధిగా తన చోట తాను ఉంది. కుర్రాడి పరధ్యానం అని రాసుకుని పోయారు.

జనం కదిలారు, అరుపులు, ఈలలు, పెద్దాయన కాదు, ఆయనకు ముందు మాట్లాడే చిన్న పెద్దాయన. పక్కావిడ శాలువా సర్దుకుంది, గొంతు సవరించుకుంది. నీకెందుకమ్మా గొంతు, నిలబడాల్సింది నేనైతే. కందకు లేని దురద కత్తిపీటకని. అయినా లేవను కదా, ఎవరు గొంతు సవరించుకున్నా ఒకటే.

మొదటి సభలో పెద్దాయన చెప్పింది అక్షరాలా ఆమె చెప్పిందే. టీవీ ముందు తల్లీకొడుకులిద్దరూ కూర్చుని చూశారు. పట్టీ ఉంది, పీలిక ఉంది, జారుముడి ఉంది. అంత పెద్దమనిషి నోట తన కొడుకు చెయ్యి మాట వస్తుంటే ఆమె గుండె పొంగింది, ఆ మాట దాచడం దేనికి. పోయిన మూడు వేళ్లు తిరిగి రావు గానీ ఎవరో ఒకరు గట్టిగా ఓనరును అడుగుతారనుకుంది. తర్వాత ఓనరు తన మందితో సహా పెద్దాయన పార్టీలో చేరాడు. ఆ వారం సభలో ముడి మాయమైంది. లాండ్రీలో లాగేసినట్టే కథలోంచి కూడా ఎవరో లాగేశారు. ముడి లేకపోతే మిషను తప్పు లేదు, మిషను తప్పు లేకపోతే ఓనరు తప్పు లేదు, మరి ఎవరినో ఒకరిని తిట్టాలి కదా, లేకపోతే కథ దేనికి. మిగిలింది ఆసుపత్రి, అది సర్కారుది, సర్కారు అవతలివాళ్లది. కానీ వేళ్లు పోయాయని ఆసుపత్రిని ఎలా తిడతారు, వేళ్లు లాండ్రీలోనే పోయాయి. కాబట్టి ప్రాణం పోవాలి. అలా చంపేశారు వాణ్ని, ఆసుపత్రి వరండాలో, పలకరించే దిక్కు లేకుండా, అమ్మా అమ్మా అంటూ. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా, పోగానే వాడు తరగతిలో మొదటివాడైపోయాడు. లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పినవాడు! టీవీ ముందు కూర్చుని వాడు పళ్లెంలోకి చూస్తూ "అమ్మా, నేను ఫస్టు వచ్చానట, విన్నావా" అన్నాడు. అప్పుడు నవ్వారు. తర్వాత ఎవరెవరో పరామర్శకు రావడం మొదలైంది. తలుపు తీసేది వాడే. "పాపం పోయిన పిల్లవాడు మీకేమవుతాడు బాబూ" అని ఒక ముసలాయన అడిగితే "బాగా దగ్గరవాడండీ" అన్నాడట. ఆయన వాడి కట్టున్న చేతిని పట్టుకుని ఏడ్చి వెళ్లాడట. ఆ సాయంత్రం నుంచి వాడు తలుపు తీయడం మానేశాడు. కట్టు మార్పించుకోవడానికి తప్ప వీధిలోకి వెళ్లడం కూడా మానేశాడు. నవ్వులాటకు మొదలైంది నవ్వులాటగా ఎన్నాళ్లుంటుంది.

ఆమె వెళ్లి అడిగింది, అడగలేదని కాదు. పార్టీ ఆఫీసు మెట్ల మీద చెప్పులు విప్పి మరీ అడిగింది. "వాడు పోలేదండీ, ఇంట్లోనే ఉన్నాడు." ఫోనాయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "తెలుసమ్మా, తెలియదా? కానీ ఇది మీ ఒక్కరి కథ కాదిప్పుడు. ఎంతమంది తల్లులు ఇందులో తమను తాము చూసుకుంటున్నారో!" అన్నాడు. అంటే చూసుకునేది ఎవరో తల్లులు, చచ్చేది మాత్రం నా కొడుకు. "మీవాడికి పని ఇప్పిస్తాంగా. ఓనరుగారికి వేరే ఊళ్లో ఇంకో లాండ్రీ ఉంది, గేటు దగ్గర కూర్చునే పని. ఎన్నికలయ్యేదాకా కాస్త కనబడకుండా ఉంటే చాలు" అన్నాడు. పోయినవాణ్ని ఊరు మార్చాలి మరి, ఉన్నచోటే తిరిగితే బాగుండదు. ఆలోచించుకుంటానంది. ఆలోచించుకుంది కూడా, అబద్ధమెందుకు. వాడికి వచ్చిన పని ఒక్కటే, ఆ పనికి కావలసిన చెయ్యి అదే. తన పని కూడా ఓనరు గుప్పెట్లోనే ఉంది. రాత్రంతా లెక్కలు కూడి తీసి, సరే అనేద్దామనుకునే దగ్గరికి వచ్చింది. నర్సమ్మ లేకపోతే అనేసేదే.

కట్టు మార్చే గదిలో గోడకు టీవీ ఉంది. ఆ రోజు వాడి కట్టు విప్పుతున్నప్పుడు అందులో పెద్దాయన మాట్లాడుతున్నాడు, ఈ ఆసుపత్రి ఎలా చంపిందో. నర్సమ్మ తలెత్తలేదు. దూది తడిపి, అంటుకున్న గుడ్డను కొంచెం కొంచెంగా నానబెట్టి తీస్తోంది, వాడు "స్..." అని చెయ్యి లాక్కున్నాడు. "కదలకు. చచ్చినవాళ్లు కదలకూడదు" అంది నర్సమ్మ. ముగ్గురూ నవ్వారు. వాడికి మిగిలిన బొటనవేలూ చూపుడువేలూ మిగలడానికి కారణం ఆ ఆసుపత్రే, మొదటి వారం నర్సమ్మ తన డ్యూటీ అయిపోయాక కూడా వాడి చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చుంది, వాపు దిగాలని. ఆ మాట కూడా ఆమె ఫోనాయనకు చెప్పింది. ఫోనులో ఉండే ఉంటుంది ఎక్కడో. ఆ సభ అయిన సాయంత్రమే ఆసుపత్రి మీద రాళ్లు పడ్డాయి. కిటికీలు పోయాయి. నర్సమ్మ కనుబొమ్మ మీద చీలిపోయి కుట్లు పడ్డాయి. మర్నాడు అదే కుట్లతో వచ్చి వాడి కట్టు మారుస్తూ, తలెత్తకుండానే, "అక్కా, మీ అబ్బాయి నా చేతుల్లోనే పోయాడా?" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఆమె ఇవాళ ఈ కుర్చీలో కూర్చుంది. ఇంట్లో కూర్చుని కాదంటే వినేదెవరు. ఇంతమంది ముందు, టీవీవాళ్ల ముందు, పెద్దాయన చెయ్యి చాపి పిలిస్తే, లేవకుండా కూర్చుంటే, అప్పుడు చూస్తారు. తల్లి లేవకపోతే కథ ఎలా నిలబడుతుంది. పని పోతే పోనీ, ఓనరు ఆ నవ్వు వెనక్కి తీసుకుంటే తీసుకోనీ.

వచ్చాడు. నేల అదిరినట్టు అరుపులు. పెద్దాయన టీవీలో కన్నా పొట్టిగా ఉన్నాడు, దగ్గరగా వెళుతుంటే సబ్బు వాసన వచ్చింది, చొక్కా ఇస్త్రీ మాత్రం అద్భుతం, భుజం దగ్గర ఒక్క ముడత లేదు. పెద్దాయన వెళ్లి ఓనరు భుజం మీద చెయ్యి వేశాడు. వెనక వరస వైపు చూడలేదు. మాట్లాడుతున్నాడు, రోడ్లు, నీళ్లు, అవతలివాళ్ల దొంగతనాలు, ఆమెకేమీ ఎక్కడం లేదు. కూర్చునే ఉండడానికి ఇంత బలం కావాలని తెలియదు. ఎప్పుడూ నిలబడే చేసిన పనులే కదా. కుర్చీ గుడ్డను రెండు చేతులా పట్టుకుంది. తడి వాసన. పెద్దాయన గొంతు తగ్గించాడు, ఆ తగ్గించడం ఆమెకు తెలుసు, ఇక మొదలు. ఒక తల్లి. ఒక్కగానొక్క కొడుకు. తరగతిలో ఫస్టు. వరండా. రాత్రి. అమ్మా అమ్మా. ఈసారి కొత్తగా ఒక మంచినీళ్ల గ్లాసు చేరింది, అడిగితే ఇవ్వలేదట, నర్సు నవ్వుకుంటూ వెళ్లిపోయిందట. నర్సు. నవ్వుకుంటూ. ఆమె ఒళ్లు భగ్గుమంది. ముందు వరస జనంలో ఒకడు చొక్కాతో కళ్లొత్తుకుంటున్నాడు, ఇంకొకడు పిడికిలి బిగించాడు. "ఆ తల్లి..." పెద్దాయన ఆగాడు, చెయ్యి వెనక్కి చాపాడు, కానీ తిరిగి చూడలేదు, "ఆ తల్లి ఈ వేదిక మీదే ఉంది!"

కూర్చుంది. కుర్చీకి అతుక్కుని కూర్చుంది. తెర పక్కనుంచి ఫోనాయన లేవమన్నట్టు చెయ్యి ఆడించాడు. అడ్డంగా తలూపింది. ఆయన మొహంలో కోపం కోసం చూసింది, రాలేదు. ఆయన చెయ్యి కొంచెం పక్కకు జరిగింది, అంతే. పక్క కుర్చీ కిర్రుమంది. చివరి కుర్చీ ఆవిడ లేచి నిలబడింది, శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, ఎంత బాగా ఏడుస్తోందంటే ఆమెకే ఒక్క క్షణం జాలి వేసింది. కెమెరాలన్నీ అటు తిరిగాయి. పెద్దాయన రెండడుగులు వెనక్కి వచ్చి ఆవిడను దగ్గరికి తీసుకున్నాడు, ఆమె మోకాళ్లకు తగులుతూ. ఆయనకు తల్లి మొహం తెలియదు. ఏ తల్లయినా ఒకటే. "కాదు!" అని అరిచింది. లేచి అరిచింది, ఇప్పుడు లేచింది, "కాదండీ, వాడు ఆసుపత్రిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు!" మైదానమంతా ఒకటే హోరు, తన గొంతు తనకే వినపడలేదు. ఓనరు లేచి చప్పట్లు కొడుతున్నాడు. ఫోనాయన వచ్చి మర్యాదగా మోచెయ్యి పట్టుకుని వెనక మెట్లు దింపాడు. తిట్టలేదు. "ఇక మీరు వెళ్లొచ్చమ్మా. ఆ శాలువా ఇక్కడ పెట్టేయండి" అన్నాడు, అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంటూ.

శాలువా విసిరికొట్టాలనుకుంది. చేతులు మాత్రం మడత పెట్టి పెట్టాయి, ఏళ్ల అలవాటు. సిగ్గేసింది, మంట పుట్టింది, ఫోను తీసి వాడికి కలిపింది. "ఎక్కడున్నావురా?"

"నర్సమ్మ దగ్గర. కట్టు విప్పింది, చెయ్యి నానబెట్టింది. అమ్మా, టీవీలో చూశాను, నాకు కొత్తమ్మ వచ్చింది. నీకన్నా బాగా ఏడుస్తోంది."

నవ్వబోయింది. అప్పుడే తాళ్ల అవతల జనం విడిపోవడం చూసింది. ఇంటి దారి వైపు కాదు. పిడికిలి బిగించినవాడు ముందున్నాడు, కళ్లొత్తుకున్నవాడు వాడి వెనక, ఇంకా ఎందరో, మైదానం అంచున గుట్టగా పోసిన కంకర దగ్గర ఒక్కొక్కరూ వంగి లేస్తున్నారు. నేరుగా ఉన్న వీధి వైపు, నీళ్ల ట్యాంకు వైపు నడుస్తున్నారు.

"పొట్టోడా, అక్కణ్నుంచి వచ్చేయ్. నర్సమ్మను తీసుకుని వెనక గుమ్మంలోంచి వచ్చేయ్, ఇప్పుడే."

"చెయ్యి పచ్చిగా ఉందమ్మా, కట్టు కట్టాకే..."

హోరులో మాట తెగిపోయింది. మళ్లీ కలపబోతే కలవలేదు. ఆమె పరుగు తీసింది. ఎవరికీ ఆమె ఎవరో తెలియదు, ఎలా తెలుస్తుంది, తల్లి వేదిక మీద ఉంది. "ఆగండి, వాడు లోపలున్నాడు, నా కొడుకు లోపలున్నాడు" అంటూ చేతికందిన చొక్కానల్లా పట్టుకుని లాగింది. ఒక పెద్దావిడ, బుగ్గల మీద తడి ఇంకా ఆరలేదు, ఒక చేతిలో రాయి, రెండో చేత్తో ఆమె భుజం నిమిరింది. "ఏడవకమ్మా. నువ్వూ తల్లివేగా, నీ కడుపు మండదూ? రా. ఆ పిల్లాడి ఉసురు ఊరికే పోనివ్వం."

చెయ్యి విదిలించుకుని ముందుకురికింది. వాడి కోసం ఏడ్చినవాళ్లంతా వాడి మీదికి నడుస్తున్నారు, వాళ్లందరికన్నా ముందు ఆ గుమ్మం చేరాలి.